సస్పెన్స్ పోయినా శ్రీరంగాపూర్ పోవచ్చు

శ్రీరంగాపూర్‌ను మీరు వెళ్లకముందే చూసేసి ఉంటారు. రత్నపుష్కరిణి చెరువు, ఒడ్డున రంగనాయకస్వామి గోపురం, నీళ్లలో దాని నీడ.. డ్రోన్ షాట్లతో సహా అన్నీ రీల్స్‌లో ఉన్నాయి. మరి పోయి కొత్తగా చూసేదేముంది?

నా ట్రిప్‌లో ఇదొక్కటే స్పాయిలర్ కాదు. బస్సులో చూద్దామని దారియో అర్జెంటో 1975లో తీసిన 'డీప్ రెడ్' డౌన్‌లోడ్ చేసుకున్నా. పక్క సీట్లోంచి మా బావ తొంగిచూసి, "చంపేది ఎవరో ఎరికేనా?" అన్నాడు. వద్దనేలోపే పేరు చెప్పేసిండు! కొత్తకోట వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఇటలీలో ఇలాంటి థ్రిల్లర్లను 'జాలో' అంటారు. ఆ మాటకు పసుపు అని అర్థం. 1929 నుంచి మొందదోరి సంస్థ అక్కడ పసుపు అట్టలతో క్రైమ్ నవలలు వేసింది. చివరికి అట్ట రంగే పేరైపోయింది. మనకు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఎలాగో, వాళ్లకు అవి అలాగ.

కోపంతోనే సినిమా మొదలుపెట్టా. హంతకుడెవరో తెలుసు కాబట్టి అనుమానించే పని లేదు. దాంతో కెమెరా దేన్ని చూపిస్తోందో, దేన్ని దాటేస్తోందో కనిపించింది. గోబ్లిన్ బ్యాండ్ సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో వినిపించింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2011లో చిన్న కథలతో ప్రయోగం చేస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయట. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో దీనికి ఉల్టా ఫలితాలు కూడా వచ్చాయి.

శ్రీరంగాపూర్ గుడిని 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించారు. స్థలపురాణం కూడా సగం థ్రిల్లరే. స్వామి రాజుగారి కలలోకి వచ్చి, గద్ద వెంట వెళ్తే విగ్రహం దొరుకుతుందని చెప్పాడట. చెరువు మెట్ల మీద ఒక తాత మనవరాలికి ఈ కథే చెబుతున్నాడు. "గద్ద ఏడికి పోయింది తాతా?" అనడిగింది పాప. తాత నోరు తెరిచేలోపే జవాబు తనే చెప్పి, "మళ్లీ చెప్పు" అంది.

ఆ పాపకు కథ తెలుసు, అయినా కావాలి. నాకూ అంతే. రీల్‌లో చూసిన గోపురమే ఎదురుగా ఉంది. కానీ గాలికి నీళ్లు కదిలి దాని నీడ చెదరడం, మళ్లీ కుదురుకోవడం చూస్తూ గంటసేపు కూర్చున్నా. పదిహేను సెకన్ల వీడియోకు అంత ఓపిక ఉండదు.

అలాగని బావ చేసింది కరెక్ట్ అనను. రెండోసారి, మూడోసారి ఎన్నిసార్లైనా చూడొచ్చు. ఏమీ తెలియకుండా చూసే ఛాన్స్ మాత్రం ఒక్కసారే వస్తుంది. దాన్ని వదులుకోవాలో వద్దో చూసేవాళ్ల ఇష్టం.

వెళ్లాలనుకుంటే 44వ నంబర్ జాతీయ రహదారి మీద పెబ్బేరు దాకా పోయి, అక్కడ దారి మళ్లండి. సాయంత్రం ఎండ తగ్గాక చెరువు దగ్గర కూర్చోండి. గద్ద ఎక్కడ దిగిందో అక్కడివాళ్లే చెబుతారు. 'డీప్ రెడ్'లో హంతకుడెవరో మాత్రం నన్నడగొద్దు.