భిలాయిలో ఒక పడవ లెక్క

భిలాయి నుంచి సముద్రం చాలా దూరం. రైలు దారిన విశాఖపట్నం 500 కిలోమీటర్ల పైచిలుకు. ఐనా ఈ ఉక్కు పట్టణానికి సముద్రంతో చుట్టరికం లేకపోలేదు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేకమైన ఉక్కు బొకారో, రూర్కెలా కర్మాగారాలతో పాటు ఇక్కడి నుంచీ వెళ్ళింది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుంచి పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరిన తెలుగువారిలో తీరప్రాంతం వారూ ఉన్నారు. కొలిమి వేడిలో ముప్ఫై ఏళ్ళు గడిపినా ఉప్పుగాలి మరవని వారు వాళ్ళు.

అటువంటి వారిలో ఒకరు ప్లేట్ మిల్లులో పని చేసి విశ్రాంతి తీసుకున్నారు. ఆయనది భీమునిపట్నం దగ్గర పల్లె. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడ్డారు. ఇప్పుడాయనకు మిగిలిన కోరిక ఒక్కటే: భార్యాభర్తలు ఇద్దరే నడుపుకోగల తెరచాప పడవ ఒకటి సంపాదించి తీరం వెంట తిరగటం, చెయ్యి తిరిగాక అండమాన్ల దాకా వెళ్ళి రావటం. విశాఖ నుంచి అండమాన్ల రేవు పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, సుమారు 1,200 కిలోమీటర్లు. మధ్యలో ఆగటానికి నేల ఉండదు.

మొదట ఆయన ఆలోచన సహజంగానే ఉక్కు మీదికి పోయింది. ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మ్వాతెస్యే 1968లో ప్రపంచాన్ని చుట్టబోయిన జాషువా ఉక్కు పడవే. ఉక్కు పడవ రాతికి కొట్టుకుంటే సొట్టపడుతుంది గాని తేలికగా పగలదు. కాని లెక్క కట్టటం ఆయన వృత్తి. మిల్లీమీటరు మందం గల ప్లేటు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. నాలుగు మిల్లీమీటర్లదైతే 31 కిలోలకు పైనే. ముప్ఫై అయిదు అడుగుల పడవకు ఆ బరువు భారమే. అంతకన్నా పెద్ద చిక్కు తుప్పు. అది కంటికి కనబడే చోట రాదు. అలమరల వెనుక, చెయ్యి దూరని మూలల్లో, లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. అన్నేళ్ళు అన్నం పెట్టిన లోహాన్ని కాదనటం ఆయనకు కష్టమే అయింది. ఐనా పట్టికలోంచి కొట్టివేశారు.

తరువాత పొడవు. ఇక్కడ ఆయనను చాలాకాలం ఊరించిన పడవ తారిణి. గోవాలో తయారైన ఈ యాభై ఆరడుగుల పడవలో ఆరుగురు నౌకాదళ మహిళలు 2017 సెప్టెంబరు 10న బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. వారిలో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తెలుగు ఇళ్ళలో చెప్పుకోదగిన సంగతే అయినా ఎందుకో తగినంతగా చెప్పుకోలేదు. 2024-25లో అదే పడవను దిల్నా, రూపా అనే ఇద్దరు అధికారిణులే నడుపుకొని ప్రపంచం చుట్టి వచ్చారు. ‘ఇద్దరికి సాధ్యమే కదా’ అని ఆయన వాదం. వాళ్ళు ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన యువతులన్న సంగతి ఆ వాదంలో జారిపోయింది.

దాన్ని పట్టి చూపింది భార్య. రెండేళ్ళ క్రితం ఆయన గుండెకు స్టెంటు వేశారు. పటాలు, కొలతలు పరచుకొని కూర్చున్న ఒక సాయంత్రం ఆవిడ, “ఏమండీ, నడిసముద్రంలో రాత్రివేళ మీకు నొప్పి వస్తే ఆ చాప దించేది ఎవరు?” అని అడిగింది.

“నువ్వే” అన్నారాయన, నవ్వుతూ.

“ఐతే నా చేతులకు సరిపోయే పడవ చూడండి” అన్నది ఆవిడ. ఆవిడ నవ్వలేదు.

పడవల పుస్తకాలు వేగం, అందం, పడకలు, వంటగది అంటూ చాలా లెక్కలు చెబుతాయి. ఆవిడ వేసిన ప్రశ్న మాత్రం చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. ఉండవలసింది మొదటి పేజీలో. ఎందుకంటే గాలివేగం రెండింతలైతే చాప మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. పదిహేను నాట్ల గాలిలో ఆడుతూ పాడుతూ లాగిన తాడు ముప్ఫై నాట్ల గాలిలో మనిషినే లాగివేస్తుంది.

కట్టర్ అనే అమరికకు విలువ ఇక్కడే. గోదావరి పడవవాళ్ళు పడవ ముందుభాగాన్ని అణియమనీ, వెనుకభాగాన్ని అమరమనీ అంటారు. మామూలు స్లూప్ పడవకు ఒక కొయ్య, దాని వెనుక ఒక పెద్దచాప, అణియం వైపు ఒక ముందుచాప ఉంటాయి. కట్టర్‌కూ కొయ్య ఒకటే. ముందుచాపలు మాత్రం రెండు. అణియం కొస దగ్గర పెద్దది, కొయ్యకు దగ్గరగా లోపలి తీగ మీద చిన్నది. గాలి పెరిగితే పెద్దదాన్ని చుట్టివేసి చిన్నదానితో సాగవచ్చు. అలలు విరిగిపడే అణియం కొస దాకా ఎవరూ పాకనక్కరలేదు. పనంతా కొయ్య దగ్గరే. మరీ గాలి ముదిరితే ఆ చిన్నచాపను గాలివైపుకు లాగి కట్టి, మడిచి కుదించిన పెద్దచాపతో జతచేసి, చుక్కానిని ఒక పక్కకు బిగిస్తే చాలు, మంచి పడవ గాలికి ఏటవాలుగా ఒదిగి నెమ్మదిగా ఊగుతూ నిలుస్తుంది. అప్పుడు రోగికి మందు ఇవ్వవచ్చు, సహాయం కోసం రేడియోలో పిలవవచ్చు.

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదని గోల్డెన్ గ్లోబ్ పందెం చూపింది. 1968లో జరిగిన తొలి పందెం జ్ఞాపకార్థం మళ్ళీ మొదలైన పందెమది. ఒంటరిగా, ఉపగ్రహాల దారిచూపు లేకుండా, 32 నుంచి 36 అడుగుల పాతతరహా పడవల్లో భూగోళాన్ని చుట్టాలి. తొలి పందెంలో గెలిచిన రాబిన్ నాక్స్-జాన్స్టన్ పడవ సుహైలీ బొంబాయిలో టేకుతో కట్టినది. దాని నమూనా మీదే గోవాలో కట్టిన తురీయలో కమాండర్ అభిలాష్ టామీ 2018లో బయలుదేరారు. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పడవను బోర్లా తిప్పింది. కొయ్య విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. కదలలేక మూడు రోజులు పడవలోనే పడి ఉంటే ఒక ఫ్రెంచి నౌక వచ్చి కాపాడింది. తప్పు పడవదని అనటానికి లేదు. ఆ తుఫానుకు మరికొన్ని పడవలూ దెబ్బతిన్నాయి. ఆయన 2022లో మళ్ళీ వెళ్ళారు, ఈసారి ఒకే కొయ్య గల రస్లర్ 36 పడవలో, 2023 ఏప్రిల్ 29న రెండవ స్థానంలో తీరం చేరారు. రెండు రోజుల ముందు గెలిచిన దక్షిణాఫ్రికా నావికురాలు కిర్స్టెన్ నాయ్‌షేఫర్‌ది కేప్ జార్జ్ 36 అనే కట్టర్. దారిలో ఆమె ముందు తన పందెం వదలి, మునిగిన పడవలోంచి బయటపడి రబ్బరు తెప్పలో ఉన్న తోటి నావికుణ్ణి వెతికి ఎక్కించుకొన్నది. ఆ పడవ మీద ఉన్నది ఆమె ఒక్కతే.

ఆ కథ విన్నాక ఇంట్లో వాదం చాలావరకు సద్దుమణిగింది.

కట్టర్‌కు లోపాలు లేవని కాదు. తాళ్ళు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. దిశ మార్చినప్పుడల్లా పెద్దచాప రెండు తీగల మధ్య ఇరుకు సందులోంచి ఈడ్చుకుంటూ రావాలి. బంగాళాఖాతంలో రుతుపవనాలు లేని నెలల్లో గాలి పడిపోయి ఉండే రోజులెన్నో; అప్పుడు రెండవ తీగ అడ్డమే తప్ప ఉపయోగం లేదు. అందుకని ఆయన లోపలి తీగను విప్పి కొయ్యకు కట్టివేసే వీలున్న పడవను కోరుకున్నారు. ముప్ఫై ఆరడుగులకు మించనిది, ఫైబర్‌గ్లాసుది, అడుగున పొడవైన కీల్ ఉన్నది, ఎవరో వాడినదైనా సరే. కొత్తదాని ధర ఉక్కు పింఛనుకు అందేది కాదు.

కొనటానికి ముందు జనవరిలో, తుఫానుల కాలం దాటాక, విశాఖ వెళ్ళి చిన్న పడవ మీద ఇద్దరూ నేర్చుకోవాలని నిర్ణయమైంది. మొదటి రోజు చుక్కాని తానే పట్టుకుంటానని, ఆయన చాపల దగ్గర కూర్చోవాలని ఆవిడ షరతు. ఆయన ఒప్పుకున్నారు. ఆవిడ ఇప్పుడు వంటగది కిటికీ ఊచకు తాడు కట్టి ముళ్ళు వేయటం సాధన చేస్తున్నది.