పేట కథలు – 14: బాప్తిస్మం రిజిస్టరు

ఊళ్లో మా ముత్తాతను పిలిచే పేరు ‘ఒరేయ్’. మా పేట గుడి రిజిస్టరులో మాత్రం ఆయన ఏసోబు.

మాది దోర్నకల్ డయాసిస్ కింద పుట్టిన చిన్న ఆంగ్లికన్ గుడి. 1912లో అజరయ్య గారు ఆ డయాసిస్‌కి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కాలంలో మాల మాదిగ పేటలు వేలాదిగా బాప్తిస్మం తీసుకున్నాయి. 1947లో సీఎస్‌ఐ ఏర్పడి బోర్డు మారింది. గుడి మారలేదు. పగలు బడి, రాత్రి ప్రార్థన, మధ్యలో పేట పంచాయితీ.

నానమ్మ వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి గుడి కుండలో వేసేది. కోతల పండగకు తొలి కంకులు, సొరకాయలు, కోడిపుంజు వేలం పాడేవాళ్లు. అడుక్కోవడమే తెలుసని ఊరు అనుకున్న చేతులు అక్కడ ఇవ్వడం నేర్చాయి.

అబద్ధమెందుకు? అదే గుడిలో మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాం, కులం విడవలేదు.

కులం ఉంది, హోదా లేదు. 1950 ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను నేటికీ చేర్చలేదు. మనకు మిగిలింది బీసీ-సి, ఒక్క శాతం. అందుకే తాత మా నాన్నకు బడిలో వేరే పేరు రాయించాడు.

నిరుడు నాన్న పోయాడు. “సమాధి మీద ఏ పేరు రాయమంటావయ్యా?” అని అయ్యగారు అడిగారు. జేబులో నా ఎస్సీ సర్టిఫికెట్ గుర్తొచ్చి నోరు పెగల్లేదు.

చివరికి గుడి పేరే రాయించాను. మిత్రులారా, తండ్రి సమాధి మీద తండ్రి పేరు రాయడానికి భయపడ్డ కొడుకుని నేను. ఆ సిగ్గు నాదా, ఆ ఉత్తర్వుదా?