తెరమీద చూసి వేసిన వేలిముద్ర

మన పేటల్లో క్రిప్టో అనే మాట ఇప్పుడు కొత్త కాదు. షేర్లంటేనే భయపడే ఇళ్లల్లో ఈరోజు బిట్‌కాయిన్ ధర ఎంతో పిల్లలకు నోటికి వచ్చు. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో రాత్రి పాళీ చేసి వచ్చిన కుర్రాడు చాయ్ తాగుతూ ఫోన్ తీసి ముందు చూసేది అదే. ఐదు వందలో వెయ్యో పెట్టి మొదలుపెడతారు. తర్వాత బోనస్ పైసలు, భిశీ ఎత్తిన పైసలు, ఒక్కోసారి అమ్మ బీడీలు చుట్టి దాచిన పైసలు కూడా అందులోకే పోతాయి. లాభం వస్తదా రాదా అనేది నేను చెప్పలేను, ఆ పని నాది కాదు. నేను ఫోన్లు బాగుచేసేవాణ్ని. నా దుకాణంలో నన్నడిగే ప్రశ్న వేరు: "అన్నా, ఫోన్‌కు లాక్ ఉంది, యాప్‌కు ఇంకో లాక్ ఉంది. ఇంక పైసలెట్ల పోతయి?"

రెండు తలుపులున్నాయి. ఒకటి మన ఖాతా తలుపు. రెండోది కంపెనీ ఖజానా తలుపు. మన ఫోన్ లాక్, మన పాస్‌వర్డ్, మన ఓటీపీ అన్నీ మొదటి తలుపుకే. రెండో తలుపు మనకు కనబడదు, దాని తాళం మన చేతిలో లేదు. పెద్ద దొంగతనాలు జరిగింది ఆ తలుపు దగ్గరే.

ఎక్స్చేంజిలో మీరు బిట్‌కాయిన్ కొంటే అది మీ ఫోన్‌లోకి రాదు. మీ పేరు మీద ఇంత ఉంది అని కంపెనీ తన ఖాతా పుస్తకంలో రాసుకుంటుంది, అంతే. అసలు నాణేలు అందరివీ కలిపి కంపెనీ ఖజానాలో ఉంటాయి. ఖజానా అంటే ఇనుప పెట్టె అనుకోకండి. ఒక పొడవైన రహస్య సంఖ్య, అదే తాళంచెవి. ఆ సంఖ్య ఎవరి చేతికి చిక్కితే పైసలు వాళ్లవి. బ్యాంకు మునిగిపోతే ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఇక్కడ ఆ బీమా లేదు. "సర్కారు పన్ను తీసుకుంటున్నది కదా, అంటే సర్కారు భరోసా ఉన్నట్టే కదా" అని చాలామంది అంటారు. 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ ఉన్న మాట నిజం. కానీ పన్ను వేసినంత మాత్రాన అది పూచీ కాదు. కల్లు మీద కూడా పన్ను ఉండేది.

ఖజానా తలుపు ఎట్లా తెరుచుకుంటుందో వజీర్‌ఎక్స్ సంగతి చూస్తే తెలుస్తుంది. మన దేశంలో చాలామంది వాడిన ఎక్స్చేంజి అది, ముంబయి నుంచి నడిచేది. 2024 జూలై 18న దాని ఖజానాల్లో ఒకదాన్నుంచి సుమారు 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు పోయాయి. ఖాతాదారుల ఆస్తిలో దాదాపు సగం. ఆ ఖజానాకు ఒక్క తాళం కాదు, ఆరు తాళంచెవులు. ఐదు వజీర్‌ఎక్స్ మనుషుల దగ్గర, ఆరోది లిమినల్ అనే మరో కంపెనీ దగ్గర. పైసలు కదలాలంటే వజీర్‌ఎక్స్ వాళ్లలో ముగ్గురు సంతకం చేయాలి, ఆ తర్వాత లిమినల్ సరే అనాలి. ఆ ముగ్గురూ సంతకం చేసింది కూడా మామూలు ఫోన్‌తో కాదు, అందుకోసమే తయారైన చిన్న పరికరాలతో. ఇంత కట్టుదిట్టం ఉన్నచోట దొంగ ఎట్లా వచ్చాడు?

మా తాత తరం వాళ్లకైతే ఇది చెప్పగానే అర్థమయ్యేది. నల్లగొండ వైపు నుంచి షోలాపూర్ వచ్చిన మొదట్లో వాళ్లకు చదువు లేదు. అప్పు కాగితం మీద సేటు గుమాస్తా "యాభై రూపాయలు" అని చదివి వినిపించేవాడు. వీళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. కాగితంలో ఐదు వందలని ఉండేది. వేలిముద్ర నిజం, వేలు నిజం, సాక్షి నిజం. చదివి వినిపించింది ఒక్కటే అబద్ధం.

వజీర్‌ఎక్స్ చెప్పినదాని ప్రకారం వాళ్ల విషయంలో జరిగింది కూడా అదే. సంతకం చేసేవాళ్లకు తెరమీద కనబడింది రోజూ జరిగే మామూలు బదిలీ. లోపల సంతకం పడింది మాత్రం ఖజానా అధికారాన్నే దొంగ చేతికి అప్పజెప్పే ఆజ్ఞ మీద. పరికరం మీద కనబడేది మనిషి చదివే మాట కాదు, అంకెలూ అక్షరాలూ కలిసిన గుట్ట. దాన్ని చదివి అర్థం చేసుకునే వీలులేక తెర చెప్పిందే నమ్మారు. ఇంజినీర్లు, పెద్ద చదువులు చదివినవాళ్లు. పని మాత్రం మా తాత వేలిముద్ర పనే. లోపం ఎవరి వైపు ఉందన్న దానిమీద రెండు కంపెనీలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపాయి. చేసింది ఉత్తర కొరియా హ్యాకర్లని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి.

ఖాతాదారుల సంగతి? కొనడం, అమ్మడం, తీసుకోవడం అన్నీ ఆగిపోయాయి. తమ ఫోన్ ఏ దొంగకూ ఇవ్వనివాళ్లు, ఓటీపీ ఎవరికీ చెప్పనివాళ్లు, అందరూ ఒకే గాట కట్టబడ్డారు. వ్యవహారం సింగపూర్ కోర్టుకు పోయింది, ఎందుకంటే మాతృ కంపెనీ అక్కడిది. ఎక్స్చేంజి మళ్లీ తెరుచుకుంది 2025 అక్టోబరులో. పదిహేను నెలలు. పదిహేను నెలల్లో మన ఇంట్లో ఎన్ని ఖర్చులు వస్తాయో లెక్క వేసుకోండి. బడి ఫీజు రెండుసార్లు.

ఇది ఒక్క కంపెనీ అజాగ్రత్త అనుకుంటే పొరపాటు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే పెద్ద ఎక్స్చేంజిలో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడా తెర మోసమే. ఖజానా సాఫ్ట్‌వేర్ తయారుచేసే సేఫ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి కంప్యూటర్‌లోకి దూరి, తెరమీద కనబడేదాన్ని మార్చే కోడ్ పెట్టారు. బైబిట్ అప్పు తెచ్చి లోటు పూడ్చుకుంది, ఖాతాదారుల పైసలు ఆపలేదు. అంటే కంపెనీ లోటు భరించగలదా లేదా అన్నది కూడా మన అదృష్టం కిందికే వస్తుంది. అదే ఏడాది జూలైలో మన కాయిన్‌డీసీఎక్స్‌లో 4.4 కోట్ల డాలర్లు పోయాయి. అది కంపెనీ సొంత ఖాతాలోనివి, ఖాతాదారులవి కావు అని కంపెనీ చెప్పి నష్టం తానే భరించింది. ఈ కేసులో బెంగళూరు పోలీసులు ఒక ఉద్యోగిని పట్టుకున్నారు. ఆఫీసు లాప్‌టాప్ మీద బయటివాళ్లకు పార్ట్‌టైమ్ పని చేస్తుంటే దాంట్లోకి దొంగ సాఫ్ట్‌వేర్ వచ్చిందని వార్త. వాట్సాప్‌లో పార్ట్‌టైమ్ పని అని మన పిల్లలకు రోజూ వచ్చే మెసేజ్‌లు గుర్తుకొచ్చాయి నాకు.

మా గల్లీలో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్లు సాంచెల మీద బతికి, నడిపే ఓపిక లేక నాలుగు సాంచెలూ తుక్కు కింద అమ్మేశాడు. ఆ పైసల్లో లక్షా ఎనభై వేలు కొడుకు ఒక ఎక్స్చేంజిలో పెట్టాడు. ఒకరోజు ఆయన కొడుకు ఫోన్ పట్టుకొని దుకాణానికి వచ్చాడు. "డిస్‌ప్లే మార్చాలె బిడ్డా, పైసలు కనబడుతున్నయి గని కింద బటన్ నొక్కితే పని చేస్తలేదు" అన్నాడు. ఫోన్ నిక్షేపంగా ఉంది. పైసలు బయటికి తీసే బటన్‌ను కంపెనీ ఆపేసింది. ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పాలో తోచక కాసేపు నిజంగానే గాజు తుడిచాను. చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే: "మరి వాళ్ల దుకాణం యాడుంది? పోయి కూసుంటా." సేటు పగారు ఇవ్వకపోతే కార్ఖానా గేటు ముందు కూర్చున్న మనిషి. ఆయన కూర్చోవడానికి ఇక్కడ ఒక గేటు కూడా లేదు.

అందుకే దుకాణానికి వచ్చేవాళ్లతో నేను ఒక మాట అంటుంటాను. ఎక్స్చేంజి అంటే సంత. సంతకు పోతాం, కొంటాం, అమ్ముతాం, ఇంటికొస్తాం. సంచి అక్కడే పెట్టి నిద్రపోము. అమ్మితే వచ్చిన రూపాయలు ఆ రోజే బ్యాంకు ఖాతాకు తెచ్చుకోండి. పోయినా ఇల్లు కదలనంత పైసలే అక్కడ ఉంచండి. పెళ్లి పైసలు, పీఎఫ్ పైసలు వద్దు.

ఇక మొదటి తలుపు, అది మన చేతిలోనిది. మన దగ్గర ఎక్కువ ఉన్నవి సెకండ్ హ్యాండ్ ఫోన్లు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ అని ఉంటుంది, చూడండి. మూడేళ్ల కిందటి తేదీ ఉంటే ఆ ఫోన్‌కు కంపెనీ మరమ్మతులు ఆపేసిందన్నమాట. అందులో పాటలు వినండి, పైసల యాప్ పెట్టకండి. "అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అయితది" అని దాన్ని నెలల తరబడి తోసేసేవాళ్లు రోజుకు నలుగురు కనబడతారు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే రకం ఫోటోలను తెరిచే కోడ్‌లో ఒక లోపం బయటపడింది. దొంగ తయారుచేసిన ఒక బొమ్మను ఫోన్ చదివితే చాలు, అతని కోడ్ లోపల నడిచే వీలుండేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మొదలుకొని ఎన్నో యాప్‌లు హడావిడిగా అప్‌డేట్ ఇచ్చాయి. అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు ఆ చిల్లు పూడింది. తోసేసినవాళ్లకు అట్లాగే ఉంది.

ఓటీపీ ఎస్ఎంఎస్‌లో రాకుండా అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. మీ నంబరు మీద ఇంకొకడు డూప్లికేట్ సిమ్ తీసినా ఆ యాప్ కోడ్ అతనికి పోదు. అది ముప్పై సెకన్లకొకసారి మారుతుంది, మీ ఫోన్‌లోనే పుడుతుంది. ఫోన్ పోతే ఎట్లా అని అడుగుతారు. పెట్టుకునేటప్పుడు వచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి రేషన్ కార్డు పక్కన పెట్టండి. ఇక వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు, పెళ్లి పత్రిక అన్నా కరెంటు బిల్లు అన్నా, తెరవకండి. నాణెం పంపేటప్పుడు అడ్రస్‌ను కాపీ చేస్తే, అతికించాక మళ్లీ మొత్తం సరిచూడండి. కాపీ చేసిన అడ్రస్‌ను మధ్యలో మార్చే దొంగ సాఫ్ట్‌వేర్ ఉంది. అదీ తెర మోసమే, ఈసారి మన తెర.

ఎక్స్చేంజిని నమ్మకుండా సొంత వాలెట్‌లోకి తెచ్చుకుంటామనే హుషారు కుర్రాళ్లున్నారు. మంచిదే, కొన్ని యాప్‌లలో ఆ వీలు ఉండదు కూడా. కానీ సొంత వాలెట్ అంటే పన్నెండో ఇరవై నాలుగో ఇంగ్లీషు మాటలు. అవే తాళంచెవి. అవి పోతే తిరిగి ఇచ్చే మేనేజరు ఎక్కడా లేడు. చాలామంది వాటిని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెడతారు. గ్యాలరీలోని ఫోటోల్లో అక్షరాలు చదివి సరిగ్గా ఈ మాటలనే వెతికే స్పార్క్‌క్యాట్ అనే దొంగ సాఫ్ట్‌వేర్‌ను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. అది దాక్కున్నది ఎక్కడో కాదు, గూగుల్ ప్లే స్టోర్‌లో, యాపిల్ స్టోర్‌లో ఉన్న మామూలు యాప్‌లలోనే. కాగితం, పెన్ను చాలు. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. ఎక్కువమంది పెట్టుకున్నది భార్యకు చెప్పరు, ఆ సంగతి వేరే.

ఇప్పటికే ఎక్కడైనా ఇరుక్కున్నవాళ్లుంటే, యాప్ తీసేయకండి. ఖాతా స్టేట్‌మెంట్, కొన్న రసీదులు, కంపెనీ పంపిన ఈమెయిళ్లు అన్నీ దాచండి, కోర్టు పద్ధతిలో పైసలు పంచేటప్పుడు అవే అడుగుతారు. మీ ఒక్క ఖాతాలో దొంగ పడితే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ పైసలు చేతులు మారిపోతాయి. ఇంకోటి, రెండో దొంగలు. పోయిన క్రిప్టో తెచ్చిపెడతామని ఫోన్లు చేస్తారు. సాఖర్‌పేటలో ఒకామెకు అట్లాంటి ఫోనే వచ్చింది. మీ కొడుకు పైసలు దొరికినయి, ఎనిమిది వేలు ఫీజు కట్టండని హిందీలో చాలా మర్యాదగా మాట్లాడారట. ఆమె బీడీల కమిటీ సేటుతో ముప్పై ఏళ్లుగా లెక్క తేల్చుకుంటున్న మనిషి. "దొరికినయంటున్నవు కదా, అందుల నుంచే నీ ఎనిమిది వేలు కోసుకొని మిగిలినయి పంపు" అన్నదట. అవతల ఫోన్ పెట్టేశారు.