రెండు సీట్లు

2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు హెలికాప్టర్ పెడుతున్నారని తెలియగానే నాకు అబ్బా యాదికొచ్చాడు. ముప్ఫై ఏళ్లు కొత్తగూడెంలో బాయి దిగిన మనిషి. ఒక్కసారైనా ఆయన్ని ఆస్మాన్‌లో తిప్పాలని నా ఖ్వాహిష్.

హన్మకొండ నుంచి రానూపోనూ మనిషికి దాదాపు 20 వేలు. అది మనవల్ల అయ్యే పని కాదు. మేడారంలోనే ఎక్కించుకొని, జాతర మీదుగా, అడవి మీదుగా ఏడెనిమిది నిమిషాలు తిప్పి దించే సైర్‌కైతే 3,700. ఇద్దరికి 7,400.

"ఎనిమిది నిమిషాలకా? ఇస్రాఫ్!" అంది అమ్మీ. ఆమె అసలు ఫికర్ వేరే. "తల్లుల జాతరకు మనమేంటి? మొహల్లావాళ్లు ఏమనుకుంటారు?"

"మన నియ్యత్ అల్లాకు తెలుసు" అన్నాడు అబ్బా. తర్వాత నావైపు చూసి, "రెండో సీటు నీకు కాదు బేటా, చాచాకు" అన్నాడు.

చాచా అంటే అబ్బాతో బాయిలో పనిచేసిన కోయ దోస్త్. రెండేళ్లకోసారి ఆయన జాతరకు సెలవు పెడితే ఆ పని అబ్బా మీద పడేది. అబ్బా ఎన్నడూ కాదనలేదు. రంజాన్‌లో అబ్బా ఇఫ్తార్‌కు ఇంట్లో ఉండేలా చాచా షిఫ్ట్ మార్చుకునేవాడు.

అవన్నీ తెలిసినా నా దిల్ చిన్నబోయింది. పైసలు నావి, ప్లాన్ నాది. కింద నిలబడేది నేనా?

ఫజర్ చదివి బయల్దేరాం. పాల్వంచ, మణుగూరు, ఏటూరునాగారం, తాడ్వాయి. దారి పొడవునా ఆకు రాల్చిన టేకు చెట్లు. తల్లులకు బంగారం ఇచ్చాకే ఎక్కుతానన్నాడు చాచా. బంగారమంటే బెల్లమే. ఆయన గద్దెల దగ్గరికెళ్లి వచ్చేదాకా అబ్బా చెట్టు కింద కూర్చున్నాడు. ఎవరి ఇబాదత్ వాళ్లది.

దిగాక ఇద్దరికీ ఒకటే బహస్, మలుపు దగ్గర కనిపించింది జంపన్నవాగా కాదా అని. "చిన్నప్పుడు మా నాయనతో ఎడ్లబండిలో రోజుల తరబడి వచ్చిన అడివి సాయిబూ! పైనుంచి అరచేయంత లేదు" అన్నాడు చాచా.

తిరుగు దారిలో ఆయన నిద్రపోయాక అబ్బాను అడిగేశాను, నన్నెందుకు వద్దన్నారని.

"కిందికి ఇన్నేళ్లు ఇద్దరం కలిసే దిగినం. పైకి ఆయన్ను వదిలి ఎట్ల పోతను బేటా?"

నా దగ్గర జవాబ్ లేదు.

ఇంటికొచ్చాక అమ్మీ అంతా విని ఒక్కటే అడిగింది. "మళ్లీ జాతరకు కూడా పెడతారా అది?"