టీ తాగి వెళ్ళిపోయే ఊళ్ళు కావండీ!

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు సూర్యాపేటలో ఆగుతుంది. "పది నిమిషాలే" అంటాడు డ్రైవరు. దిగి టీ తాగుతాం, పిల్లలకి బిస్కెట్ పొట్లం కొనిపెడతాం, మళ్ళీ ఎక్కి కూర్చుంటాం. కోదాడ వచ్చేసరికి సగం బస్సు నిద్రలో ఉంటుంది. మిర్యాలగూడ సంగతి సరేసరి. బియ్యం బస్తా మీద ఆ పేరు చదివినవాళ్ళే గాని ఊరు చూసినవాళ్ళు తక్కువ. బయటివాళ్ళని అని ఏం లాభం లెండి! ఇక్కడే పుట్టి, ఇక్కడే కాపురం చేస్తూ, తిరుపతి నాలుగుసార్లు, షిర్డీ రెండుసార్లు వెళ్ళొచ్చి, పక్కనున్న పిల్లలమర్రి చూడనివాళ్ళు మా వీధిలోనే ఎందరో ఉన్నారు.

అందుకే ముందు పిల్లలమర్రి గురించే చెబుతాను. సూర్యాపేట నుంచి ఐదారు కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకుంటే పావుగంట ప్రయాణం. పొద్దున వంట ముగించుకుని బయల్దేరితే పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఇంటికి చేరొచ్చు. ఊళ్ళో కాకతీయుల నాటి శివాలయాలున్నాయి. అందులో ఎరకేశ్వరాలయం ముందు కాసేపు నిలబడి చూడండి. దీన్ని 1208లో కట్టించింది ఒక ఇల్లాలు. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని. గుళ్ళో శివుడికి పెట్టింది కూడా ఆవిడ పేరే, ఎరకేశ్వరుడని. అప్పటికి గణపతిదేవుడు రాజ్యం చేస్తున్నాడు, రుద్రమదేవి ఇంకా సింహాసనం ఎక్కలేదు. రాణి కాని ఒక స్త్రీ తన పేర గుడి కట్టించి, ఆ మాట రాతి మీద చెక్కించుకుందంటే చిన్న సంగతా చెప్పండి! మన పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడైనా ఉందా?

దగ్గర్లోనే నామిరెడ్డి 1202లో కట్టించిన నామేశ్వరాలయం ఉంది. నల్లరాతి స్తంభాలు చెయ్యి జారిపోయేంత నునుపుగా ఉంటాయి. వాటిని తడితే శబ్దం పలుకుతుందని అక్కడివాళ్ళు చెబుతారు. దయచేసి మీరు మాత్రం రాళ్ళతో, తాళంచెవులతో కొట్టి చూడకండి. వచ్చినవాళ్ళందరూ ఒక్కో దెబ్బ వేస్తే ఏ రాయి ఆగుతుంది? ఇంకోమాట, ఇది మనకే చెప్పుకోవాలి. శాసనం రాయి కనబడగానే దేవుడనుకుని పసుపు పులిమేస్తాం, బొట్లు పెడతాం, శిల్పానికి ఆనించి దీపం వెలిగిస్తాం. నూనె, మసి, పసుపు కలిసి గట్టిపడితే అక్షరాలు పూడిపోతాయి. ఎనిమిది వందల ఏళ్ళు ఎండకీ వానకీ తట్టుకున్న రాతలు మన భక్తికి తట్టుకోలేకపోవడం ఏం న్యాయం? పూజ గర్భగుడిలో చేయించుకుందాం. రాళ్ళని చూసి చదువుకుందాం.

చదువుకోవడమంటే గుర్తొచ్చింది. పిల్లలమర్రి పినవీరభద్రకవి పేరు మీ పిల్లల తెలుగు వాచకంలో చూసే ఉంటారు. శృంగార శాకుంతలం రాసిన ఆ కవి ఇంటిపేరు ఈ ఊరిదే. పిల్లల్ని వెంట తీసుకెళితే ఈ మాట అక్కడే చెప్పండి, ఇక మరిచిపోరు.

రెండోది ఫణిగిరి. ఇది ఒక పూటలో అయ్యే పని కాదు, సెలవు రోజు పెట్టుకోండి. సూర్యాపేట నుంచి జనగామ దారిలో అర్వపల్లి దాటి, నాగారం వైపు వెళ్ళాలి. పాము పడగలాంటి కొండ, అందుకే ఆ పేరు. పైన రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధుల స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు కనిపిస్తాయి. ఇక్కడ తవ్వకాల్లో దొరికిన తోరణపు దూలం మీద బుద్ధుడి కథలు ఎంత నాజూకుగా చెక్కారంటే, ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళి ప్రదర్శనలో నిలబడ్డాయి. అమెరికావాళ్ళు టికెట్ కొని చూశారు. నాగారం బస్టాండులో కూరగాయల గంప దించుకున్న అక్కని అడిగితే, "ఆ గుట్టా? ఎప్పుడూ ఎక్కలే" అంది నాతో.

2024లో అక్కడే మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇక్ష్వాకుల కాలం నాటివట. మనం పోపుల డబ్బాలో చిల్లర దాచుకున్నట్టు ఎవరు దాచుకున్నారో, ఏ ఆపదకి దాచుకున్నారో, మళ్ళీ తీసుకోవడానికి రాలేకపోయారు పాపం. కొండ మీద నీడ తక్కువ. పదకొండు గంటల లోపే ఎక్కి దిగేయండి. గొడుగు, మంచినీళ్ళు తప్పనిసరి.

మంచినీళ్ళంటే ఇంకో సంగతి. మగవాళ్ళు రాసే యాత్రా వ్యాసాల్లో ఇది కనబడదు. ఇలాంటి చోట్లకి వెళ్ళేటప్పుడు మనం పొద్దుటి నుంచీ నీళ్ళు తాగడం మానేస్తాం. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. ఎండలో అలా మానేస్తే కళ్ళు తిరుగుతాయి, తర్వాత మూత్రంలో మంట మొదలవుతుంది. హైవే మీద పెద్ద హోటళ్ళలో మరుగుదొడ్లు ఫరవాలేదు. అక్కడ ఆగి, ఆ పని చూసుకుని లోపలి ఊళ్ళకి తిరగండి. ఊళ్ళోకి వెళ్ళాక ఏ ఇంటి అరుగు మీదైనా కూర్చున్న పెద్దమ్మని అడగండి, సిగ్గుపడకండి. మా వైపు ఆడవాళ్ళు కాదనరు, పైగా మజ్జిగ ఇచ్చి పంపుతారు.

కోదాడ వైపు వెళితే మేళ్ళచెరువు శంభులింగేశ్వరస్వామి. శివలింగం మీద చిన్న గుంటలో ఎప్పుడూ నీళ్ళుంటాయి, తీసినా మళ్ళీ ఊరుతాయంటారు. శివరాత్రి జాతరకి ఎడ్ల పందేలు చూడ్డానికి జనం విరగబడతారు. నన్నడిగితే ఆ జాతర రోజులు వదిలేసి మామూలు సోమవారం వెళ్ళమంటాను. హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే ఓపిక ఉంటే కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామిని కూడా చూసుకోవచ్చు.

మిర్యాలగూడ దారి వేరే అందం. నాగార్జునసాగర్ కాలువల్లోకి 1967లో నీళ్ళు వదిలాక ఈ నేల రూపే మారింది. కార్తీకంలో వెళ్ళి చూడండి, దారికి రెండు వైపులా వరిపొలాలు, ఊరు దగ్గరికి రాగానే మిల్లుల ఊక వాసన. అక్కణ్ణుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి వెళ్ళండి. ఇక్కడే మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదులో ముక్కు మూసుకుని వంతెన దాటే ఆ మూసీయేనండీ! ఆ ఊరి సబ్బు నీళ్ళూ మురికీ అన్నీ మోసుకుని ఇంత దూరం వచ్చి కృష్ణమ్మ ఒడిలో పడుతుంది. స్నానానికి దిగే ముందు నీళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని, కృష్ణ వైపు రేవులో దిగండి.

వాడపల్లి నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం దగ్గరది రెపరెపలాడుతూ ఉంటుంది, కిందిది కదలదు. స్వామి ఊపిరి తగిలి పైదీపం కదులుతుందని చెబుతారు. అగస్త్యేశ్వరస్వామి గుడి కథ ఇంకా బాగుంటుంది. బోయవాడి నుంచి పారిపోయి వచ్చిన పిట్ట శివుడి వెనక దాక్కుందట. "నా ఆకలి సంగతేమిటి?" అని బోయవాడు అడిగితే, పిట్టకి బదులు నా తల మాంసం తీసుకో అన్నాడట శివుడు. ఆ వేళ్ళ గుర్తులే లింగం మీది గుంటలని, గాయం కడగడానికి గంగమ్మ వచ్చిందని, ఆ నీళ్ళే ఇప్పటికీ ఉన్నాయని చెబుతారు. పిల్లలకి పడుకునేటప్పుడు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

చివరగా జాన్‌పహాడ్ సైదులు దర్గా. పాలకీడు మండలంలో ఉంది. జనవరిలో ఉర్సు, గంధం ఊరేగింపు. దర్గా అని పేరే గాని మొక్కుకునేవాళ్ళలో హిందువులే ఎక్కువేమో అనిపిస్తుంది. మా వైపు ఎన్ని ఇళ్ళలో సైదులు, సైదమ్మ అనే పేర్లున్నాయో! మొక్కు తీరినవాళ్ళు అక్కడే పొయ్యి పెట్టి కందూరు చేస్తారు. మాంసం కూర, అన్నం వండి, బంధువులకీ, పక్క చెట్టు కింద కూర్చున్న తెలియనివాళ్ళకీ వడ్డిస్తారు. శుక్రవారం రద్దీ ఎక్కువ. గిన్నెలు, గరిటె, అగ్గిపెట్టె, ఉప్పూ కారం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. కూరలో కారం మాత్రం మీ చేత్తోనే వేయండి. వంటకి సాయపడే మా వాళ్ళకి వదిలేస్తే నల్గొండ కారం సంగతి ఏమిటో ఇంటికొచ్చేదాకా గుర్తుంటుంది.