మళ్ళీ రమ్మన్నారంటే ఉన్నట్టేనా?

"టెస్టు ఎంత కరెక్టు?" అన్నది ఒక ప్రశ్న. "మరి నాకు జబ్బుందా?" అన్నది వేరే ప్రశ్న. పదేపదే చేస్తే టెస్టు ఎన్నిసార్లు తప్పుతుందో చెప్పేది ఫ్రీక్వెంటిస్టు లెక్క. ముందున్న అవకాశాన్ని చేతికొచ్చిన రిపోర్టుతో సవరించి చెప్పేది, 1763లో అచ్చయిన థామస్ బేయస్ లెక్క.

మామోగ్రామ్‌లో ఏదో తేడాగా ఉంది, మళ్ళీ రమ్మన్నారని మా వదిన అన్నం మానేసింది. "జబ్బుంటే నూటికి 90 మందిలో పట్టేస్తుందట, ఇంక నాకున్నట్టే కదా!" అంటుంది.

కాదండీ. వెయ్యిమందిలో 10 మందికి జబ్బుందనుకోండి. టెస్టు 9 మందిని పట్టుకుంటుంది. జబ్బులేని 990 మందిలో నూటికి 9 మంది చొప్పున తప్పు చెప్పిందనుకుంటే, సుమారు 89 మందిని ఊరికే భయపెడుతుంది. అంటే మళ్ళీ రమ్మన్న 98 మందిలో నిజంగా ఉన్నది 9 మందికే!

అన్నం మానకండి. రెండో పరీక్షా మానకండి. ఆ 9 మందీ మనలాంటివాళ్ళే.