పొట్టు బస్తాలు, పాతర మూత

ఈ పేజీకి వేసవి సెలవుల కబుర్లు రాయమని మావాడి క్లాస్ టీచర్ అడిగి నెల దాటింది. ఊటీ, అరకు ఫొటోలు పంపినవాళ్లు చాలామందే ఉన్నారట. మేం పోయింది తుగ్గలి దగ్గర నా పుట్టింటికి. ఆదోనిలో బస్సెక్కి, పత్తికొండలో ఇంకో బస్సు మారితే వచ్చే ఊరు. అక్కడ చూడ్డానికేముంది అని మావాడు మొదట మూతి ముడిచాడు. వాడిప్పుడు ఏడో తరగతి.

మా అమ్మకు గ్యాస్ ఉంది. టీ, పొద్దుటి టిఫిను దాని మీదే. జొన్నరొట్టె కాల్చాలన్నా, స్నానానికి నీళ్లు కాగాలన్నా మాత్రం పొట్టు పొయ్యే. మా వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలంటాం. ఆ బుడ్డల పొట్టును రేకు డబ్బా పొయ్యిలో, మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ గట్టిగా కూరాలి. సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీస్తే గొట్టంలా ఖాళీ నిలుస్తుంది. కింది కంత నుంచి నిప్పు పెడితే ఒక పూటంతా నిదానంగా కాలుతుంది. మావాడికి ఆ సీసా తీసే పని తెగ నచ్చింది. మూడుసార్లు పొట్టంతా కూలగొట్టాక నాలుగోసారి కుదిరింది.

వెలిగించడం కంటే పొట్టును దాచడమే పెద్ద పని. నేల మీద బండలు, వాటి మీద కంది కట్టె, ఆపైన బస్తాలు. నేలకు ఆనితే చెమ్మ పీలుస్తుంది, చెదలు పడతాయి. గోడకు ఆనిస్తే తేళ్లు చేరతాయి. తొలకరి పడగానే మా ఊళ్ల చుట్టుపక్కల జనమంతా వజ్రాలు దొరుకుతాయని పొలాల వెంట పడతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వండుకుని మరీ వెతుకుతారు. మా అమ్మ ఆ పూట ఇంట్లోంచి కదలదు. పట్టలు వెతకడం, బస్తాలు జరపడమే ఆమె పని. ఆ కొట్టానికి మూడు గోడలే. నాలుగో వైపు తడిక. తలుపు పెట్టిద్దామని నేనూ తమ్ముడూ ఎన్నేళ్లుగా చెబుతున్నా వినదు. జల్లు కొడుతుంది, పిల్లులు దూరతాయి అని మా వాదన. "గాలి రావాల" అని ఒకే ఒక్క మాట ఆమెది.

మా తమ్ముడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. నిరుడు పెల్లెట్ గ్రిల్ కొన్నాడు. ఆదివారం వీడియో కాల్‌లో దాని మీద కాల్చిన కోడిని చూపించకుండా వదలడు. పెల్లెట్లంటే కొయ్య పొడిని యంత్రంలో బాగా ఒత్తి, సన్నటి కడ్డీల్లా తీసి విరిచిన ముక్కలు. సుమారు ఆరు మిల్లీమీటర్ల లావు. వేరే బంక కలపకపోయినా, ఒత్తిడికి వేడెక్కినప్పుడు కొయ్యలో ఉండే లిగ్నిన్ మెత్తబడి పొడిని అంటిస్తుంది. గ్రిల్‌లో మరలాంటి కడ్డీ ఒకటి తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పులోకి తోస్తుంది. అమ్మ సీసాతో కూరేదాన్ని వాళ్లు మిషన్‌తో కూరారన్నమాట.

వాటికి నీళ్లంటే గిట్టదు. తమ్ముడు మావాడికి చూపించడానికని గ్లాసు నీళ్లలో నాలుగు వేశాడు. మేం మాట్లాడుతుండగానే ఉబ్బి, పగిలి, మళ్లీ పొడైపోయాయి. ఒకసారి అలా ఉబ్బితే ఎండబెట్టినా వెనక్కి రావు. ఏప్రిల్ వానల్లో గ్రిల్ డబ్బాలోకి నీళ్లు దిగి, పొడంతా ఆ మర చుట్టూ సిమెంటులా పట్టేసిందట. విప్పి గోకడానికి ఒక శనివారం పోయిందని వాపోయాడు.

"ఇప్పుడా బాధ లేదక్కా, మంచి చోటు దొరికింది" అన్నాడు.

వాళ్ల గ్యారేజ్ నేల కింద ఒక ఇనుప గది ఉంది. సుడిగాలి వస్తే ఇంటిల్లిపాదీ దిగి కూర్చోవడానికి పాత యజమాని పెట్టించుకున్నది. పైన జరిపే మూత. ధర తగ్గినప్పుడు ఇరవై అయిదు బస్తాలు కొని, సంచులు చోటు తింటున్నాయని అన్నీ విప్పి ఆ గదిలో పోసేశాడు. బస్తాకు పద్దెనిమిది కిలోలు. చెమ్మ రాకుండా గాలి కంతలకు టేపు కూడా వేశాడు. నెల్లాళ్లయింది, మూత తీయలేదు. మరుసటి రోజు దిగి బకెట్‌తో తోడుకుంటానన్నాడు.

అమ్మ వెనక ఎక్కడో చాట పట్టుకుని ఉంది. చాట కింద పెట్టి ఫోన్ ముందుకొచ్చింది.

"యాడ పోసినావు?"

వాడు మళ్లీ చెప్పాడు.

"అది పాతర గదరా."

వాడు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "దిగొద్దు. పిల్లల్ని ఆ పక్కకే పోనీయొద్దు. మూత తీసి ఒక దినమంతా ఇడిసిపెట్టు" అంది. ఎందుకమ్మా అంటే చెప్పకుండా లేచిపోయింది. రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు, నేను అడక్కుండానే, చెప్పింది.

మా నాయనకు ఒక తమ్ముడుండేవాడని నాకు తెలుసు. జ్వరమొచ్చి పోయాడనే విన్నాను. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మ కాపురానికి వచ్చిన రెండో ఏడు జరిగిందట. అప్పుడు మా ఇళ్లల్లో జొన్నలు పాతర్లలోనే ఉండేవి. నల్లనేలలో బావిలా తవ్వి, చుట్టూ గడ్డి వేసి, జొన్నలు నింపి, బండతో మూసి మట్టి కప్పేవాళ్లు. మూత తీసిన రోజు ఎవరూ వెంటనే దిగరు. ఒక పూట వదిలేసి, దీపాన్ని తాడుతో దించి చూస్తారు. అది ఆరిపోతే ఇంకా ఆగాలి. ఆ రోజు జొన్నలు కొన్న వ్యాపారి బండి వాకిట్లో నిలబడి ఉంది. పొద్దుపోతోంది. మూతి ఇరుకు, పిల్లవాడైతే సులువుగా దిగుతాడు. ఆ అబ్బాయికి పన్నెండేళ్లు. వాడి కోసం దిగిన పక్కింటాయన నడుముకు తాడు కట్టుకున్నాడు కాబట్టి బతికాడు.

దిగమన్నది మా తాత. అందుకే ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పాతర పూడ్చేశారు. మా తాత చచ్చిపోయేదాకా ఆ వైపు మంచం వేసుకోలేదట. మరి ఆ పాతర ఎక్కడుండేదని అడిగాను. చీకట్లో కొట్టం వైపు చెయ్యి చూపించింది.

తమ్ముడు అప్పటికే ఫోన్‌లో వెతికినట్టున్నాడు. తెల్లారేసరికి మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. జొన్నలు గింజలు కాబట్టి మూసిపెట్టినా ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. గుంతలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు చేరుతుంది. పెల్లెట్లకు ప్రాణం లేదు. అయినా కొయ్యలోని కొవ్వు, జిగురు పదార్థాలు గాలితో కలిసి మారుతూ కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. ఐరోపాలో ఇళ్లకింద పెల్లెట్ల గదుల్లోకి, ఓడల్లో అవి నింపిన అరల దగ్గరికి దిగినవాళ్లు చనిపోయారు. పాతర దీపం ఇక్కడ నమ్మదగ్గది కాదు. మనిషిని చంపేంత మోనాక్సైడ్ ఉన్నచోట కూడా దీపం వెలుగుతూనే ఉండొచ్చు.

వాడు దిగలేదు. గ్యారేజ్ తలుపు బార్లా తీసి, గది మూత జరిపి, ఇంట్లో గోడకున్న మోనాక్సైడ్ అలారం పీకి, తాడు కట్టి దించాడట. కాసేపటికే అది కీచుమని మొత్తుకుందట. ఆ శబ్దాన్ని రికార్డు చేసి పంపాడు. నేను రెండోసారి వినలేదు. సుడిగాలి సైరన్ మోగిన రాత్రి వాడు, మరదలు, ఇద్దరు పిల్లలు దిగి మూసుకోవాల్సిన గది అది.

భయపెట్టడానికి రాయడం లేదు. గాలి ఆడే చోట నాలుగు బస్తాలుంటే ఏమీ కాదు. తమ్ముడు రెండ్రోజులు ఫ్యాన్లు పెట్టి, మళ్లీ అలారం దించి చూసుకుని, మనుషుల్ని పెట్టి ఆ గదంతా ఖాళీ చేయించాడు. ఇప్పుడు నెలకు సరిపడా రెండు బస్తాలే తెస్తున్నాడు. గ్యారేజ్‌లో సిమెంటు నేలకు ఆనకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంగా పెడుతున్నాడు. విప్పినదాన్ని మూతున్న బకెట్‌లో పోస్తాడు. వాన సూచన ఉంటే గ్రిల్ డబ్బా కూడా ఖాళీ చేస్తాడు. విరిస్తే టక్కుమంటే మంచి పెల్లెట్ అట, మెత్తగా వంగితే చెమ్మ పట్టినట్టు. బుడ్డ ఊపితే గలగలమనాలి అని అమ్మ చెప్పేది కూడా ఇంతే కదా!

మావాడికి చిన్నతాత సంగతి చెప్పాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. వయసు ఒకటే కావడం నన్ను ఆపింది. చివరికి అమ్మే చెప్పింది, పొట్టు కూరుతూ, మామూలుగా. వాడు సీసా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "తాడెందుకు కట్టలేదవ్వా?" అన్నాడు. అమ్మ జవాబు చెప్పలేదు.

మేం బయల్దేరే ముందురోజు సాయంత్రం మొదటి వాన పడింది. వీధిలో అప్పుడే వజ్రాల మాటలు మొదలయ్యాయి. మేం ముగ్గురం బస్తాలు లోపలికి జరిపాం. జల్లు కొడుతోందని మావాడు తడిక లాగబోతే, "జానెడు సందు ఇడువురా" అంది అమ్మ.

వాడు మూరెడు వదిలాడు.